హెచ్ఐవీ ఉన్న పేషెంట్‌కు డయాలసిస్ చెయ్యాలంటే చేతులు వణుకుతున్నయ్ అక్కా

ప్రశ్న: అక్కా నమస్తే. నేను హనుమకొండల ఒక ప్రైవేటు డయాలసిస్ సెంటర్‌ల టెక్నీషియన్‌గ చేస్తున్న. ఈ మధ్య మా దగ్గరికి ములుగు దిక్కు నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నడు, యాభై దాటినయ్, షుగర్‌తోని కిడ్నీలు పోయినయ్, హెచ్ఐవీ కూడా ఉన్నది. ఎనిమిదేండ్ల నుంచి వరంగల్ ఎంజీఎం దవాఖానల ఏఆర్‌టీ సెంటర్‌ల (హెచ్ఐవీ మందులిచ్చే సెంటర్) మందులు వాడుతున్నడట. మిగిలినోళ్ళు ఎవరూ ముట్టుకోం అంటే మా సార్ నన్ను పెట్టిండు. ఆయన్ని రాత్రి లాస్ట్ షిఫ్ట్‌ల వేసిన్రు, ఫైల్ మీద ఎర్ర పెన్నుతోని పెద్దగ రాసిన్రు. నేను రెండు జతల గ్లవ్స్ వేసుకుంటున్న, అయినా చేతులు వణుకుతున్నయ్. మొన్న ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతిల కలిపిన రక్తనాళం) సూది రెండుసార్లు గుచ్చాల్సొచ్చింది. ఆయన నా మొఖం చూసి "భయపడకు బిడ్డా, మెల్లగ చెయ్యి" అన్నడు, నాకు సిగ్గేసింది. మా ఆవిడకిప్పుడు ఆరో నెల. ఇంట్ల తెలిసినప్పటి సంది ఏడుపులే, అమ్మయితే ఉద్యోగం బంద్ చెయ్యి అంటున్నది. మిషిన్ వేరే ఉండాలె కదా? నాకు సూది గుచ్చుకుంటే నా గతి ఏంది? మానెయ్యాల్నా, చెయ్యాల్నా చెప్పక్కా.

సమాధానం: తమ్మీ, మిషిన్ సంగతి, చట్టం సంగతి తర్వాత చెప్త, ముందు నీ చేతుల సంగతి మాట్లాడుకుందాం. నీ ఉత్తరం మొత్తంల నాకు గుబులు పుట్టించింది హెచ్ఐవీ అన్న మాట కాదు, సూది రెండుసార్లు గుచ్చిన అన్నవ్ చూడు, అది. నేను కూడా డయాలసిస్ వార్డుల స్టాఫ్ నర్సుగ చేసినదాన్నే, ఆ సూది 16 గేజ్, లోపల బోలుగ ఉంటది, నిండా రక్తముంటది. అది మన చేతికి ఎప్పుడు గుచ్చుకుంటది? చెయ్యి వణికినప్పుడు, తొందరపడ్డప్పుడు, ఎట్లనన్నా జల్ది అయిపోవాలె అనుకున్నప్పుడు. ఆ పెద్దమనిషి వల్ల నీకొచ్చే ప్రమాదం కన్నా నీ భయం వల్ల నీకూ ఆయనకూ వచ్చే ప్రమాదం పెద్దది, నమ్ము.

ఇంకోటి అడుగుత, నిజం చెప్పు. ఈయనకు హెచ్ఐవీ ఉన్నదని నీకు తెలుసు. మరి పొద్దుగాల షిఫ్ట్‌ల ఉన్నోళ్ళకు లేదని నీకెట్ల తెలుసు? ఫైల్‌ల ఎప్పుడో చేసిన టెస్ట్ రిపోర్టు ఉంటది, అంతే కదా. ఆ టెస్ట్ అయినంక ఏం జరిగిందో ఎవరికి తెలుసు, పైగా కొత్తగ ఇన్ఫెక్షన్ వచ్చినోళ్ళకు కొన్ని వారాల దాకా టెస్ట్‌ల దొరకకపోవచ్చు, దాన్నే విండో పీరియడ్ అంటరు. అట్లాంటోళ్ళ రక్తంల వైరస్ మస్తు ఉంటది, మందుల్లేవు, వాళ్ళకే తెల్వదు. నువ్వు వాళ్ళకు ఒక్క జత గ్లవ్స్‌తోని, ఒక్కోసారి ఫేస్ షీల్డ్ కూడా లేకుండ, ముచ్చట పెట్టుకుంట డయాలసిస్ క్లోజ్ చేస్తవ్. ఈ పెద్దమనిషేమో రోజూ మందు వేసుకుంటున్నడు, ఏఆర్‌టీ సెంటరోళ్ళు ఏడాదికోసారన్నా వైరల్ లోడ్, అంటే రక్తంల వైరస్ ఎంతున్నదో చూస్తరు. ఆ రిపోర్టుల వైరస్ దొరకలేదని ఉంటే ఆయన రక్తంల లెక్కకు దొరికేంత వైరస్ కూడా లేదన్నట్టు. అట్లని సూది గుచ్చుకున్నా ఏం కాదని నేను రాసియ్య, కానీ మీ సెంటర్‌ల జాగ్రత్త ఎక్కువ కావాల్సింది ఎవరి దగ్గర అంటే అందరి దగ్గరా. యూనివర్సల్ ప్రికాషన్స్ అని మనకు చదువుకునేటప్పుడు చెప్పింది గిదే, పరీక్ష రాసి మర్చిపోయినం.

ఇప్పుడు లెక్కలు చెప్త, మీ ఇంట్ల కూడా చెప్పు. హెచ్ఐవీ ఉన్న మనిషి రక్తంతోని సూది గుచ్చుకుంటే వచ్చే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యి మందికి గుచ్చుకుంటే ముగ్గురికి. ఇది కూడా ఎక్కువగ మంచి మందులు రాక ముందు వేసిన లెక్క. అదే హెపటైటిస్ బి అయితే, టీకా లేనోళ్ళకు 30 శాతం దాకా పోవచ్చు. చూసినవా తేడా! హెచ్ఐవీ పేరు వింటేనే వణుకుతున్నరు గానీ హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయినయా అంటే సగం మంది స్టాఫ్ తలకాయ గోక్కుంటరు. నీకు పూర్తయిందా? అయినంక యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (టీకా ఒంట్ల పనిచేసిందా అని చూసే రక్తపరీక్ష) చూపించుకున్నవా? అది 10 కన్నా ఎక్కువ ఉండాలె. ఈ వారంలనే చూపించుకో. ఆరో నెల గర్భిణి ఇంట్ల ఉన్న మనిషివి, నీకు ఈ పని ముందు.

మిషిన్ వేరే ఉండాలె కదా అన్నవ్. హెపటైటిస్ బి ఉన్నోళ్ళకు ఉండాలె, గది కూడా వేరే, వాళ్ళను చూసే స్టాఫ్ అదే టైంల వేరేవాళ్ళను చూడొద్దు. ఎందుకంటే ఆ వైరస్ ఎండిపోయిన రక్తపు మరక మీద కూడా వారం దాకా బతికే ఉంటది, మిషిన్ బటన్ మీద, క్లాంప్ మీద, బెడ్ రైలింగ్ మీద. హెచ్ఐవీ అట్ల కాదు, శరీరం బయట గాలికి ఎండితే తొందరగ పనికిరాకుండ పోతది. మరి మిషిన్ లోపల? ఆయన రక్తం మిషిన్ లోపలికి పోదని నీకూ తెలుసు, ట్యూబింగ్‌ల, డయలైజర్‌ల (రక్తం వడగట్టే ఫిల్టర్) తిరిగి ఒంట్లకు పోతది. డయలైజర్ పొరకుండే రంధ్రాలు కొన్ని నానోమీటర్లయితే హెచ్ఐవీ సైజు వంద నానోమీటర్ల పైనే, అండ్లకెల్లి అవతల ఉన్న నీళ్ళల్లకు రాలేదు. అందుకే అమెరికాల రోగాల నియంత్రణ చూసే సీడీసీ కూడా హెచ్ఐవీ ఉన్నోళ్ళకు వేరే గది, వేరే మిషిన్ అవసరం లేదనే చెప్తది. ప్రతి పేషెంట్‌కు చేసే డిసిన్ఫెక్షన్ సరిగ్గ చేస్తే చాలు. డయలైజర్ రీయూజ్ గొడవ కూడా ఉండొద్దంటే ఒక్కసారి వాడి పారేసేది పెట్టమను, మన తెలంగాణల సర్కారు దవాఖానల్ల డయాలసిస్‌కు సింగిల్ యూజ్ పద్ధతే తెచ్చిన్రు. ట్రాన్స్‌డ్యూసర్ ప్రొటెక్టర్ ఉంటది చూడు, రక్తం మిషిన్ లోపలికి పోకుండ ఆపే ఆ చిన్న తెల్ల బిళ్ళ, అది మాత్రం ప్రతి పేషెంట్‌కు కొత్తది వెయ్యాలె, రక్తం తడిస్తే అప్పటికప్పుడు మార్చాలె, పైసలు మిగుల్తయని అదే నడిపిస్తే ఎవరికీ మంచిది కాదు.

డయాలసిస్ సెంటర్‌ల ఒక పేషెంట్ నుంచి ఇంకో పేషెంట్‌కు హెచ్ఐవీ అంటుకున్న సంఘటనలు లోకంల లేవా అంటే ఉన్నయ్. 1990ల మొదట్ల కొలంబియాల ఒక సెంటర్‌ల జరిగింది. విచారణ చేస్తే తేలిందేందంటే, ఫిస్టులా సూదులు పారేయకుండ అందరివీ ఒకటే డబ్బాల, పని చెయ్యని మందుల నానబెట్టి మళ్ళ వాడిన్రు. తప్పంతా సూదులు మళ్ళ వాడుడుల ఉన్నది, హెచ్ఐవీ ఉన్న మనిషి ఆ బెడ్ మీద పడుకునుడుల లేదు. కాబట్టి నువ్వు భయపడాల్సింది ఎక్కడో చెప్త విను. రక్తం గడ్డకట్టకుండ ఇచ్చే హెపారిన్ మల్టీడోస్ వయల్ (చాలా డోసులుండే సీసా) ఒక పేషెంట్ బెడ్ పక్కకెల్లి ఇంకో బెడ్ పక్కకు తీసుకపోతున్నరా మీ దగ్గర? ఇంజెక్షన్లు వాడిన సామాను పెట్టే ట్రాలీ మీదనే కొత్తయి లోడ్ చేస్తున్నరా? ఒకరి ఫిస్టులా పట్టుకున్న గ్లవ్స్‌తోనే పక్క మిషిన్ అలారం ఆపుతున్నరా? ఈ మూడిట్ల ఒక్కటి నడిచినా మీ సెంటర్‌ల హెపటైటిస్ సి ఒకరికెల్లి ఒకరికి పాకుతది, అప్పుడు ఎర్ర పెన్ను ఎవరినీ కాపాడదు.

నీ చేతికి సంబంధించి ఎక్కువ జాగ్రత్త స్టార్టింగ్‌ల కన్నా క్లోజింగ్‌ల కావాలె. సూది తీసేటప్పుడు ఒక చేత్తోని గాజ్ గుడ్డ (పల్చటి కట్టు గుడ్డ) ఒత్తి పట్టుకుంటవ్, ఇంకో చేత్తోని గుంజుతవ్, అప్పుడు ఆ సూది ఎక్కడ పెట్టాల్నో జాగ లేక బెడ్ మీద పెడ్తరు కొందరు, అక్కడే గుచ్చుకుంటది. వాడిన సూదులు వేసే షార్ప్స్ డబ్బా నీ చెయ్యి అందేంత దూరంల ముందే పెట్టుకో, పేషెంట్ చెయ్యి అటు ఉంటే డబ్బా కూడా అటే. సూదికి మూత మళ్ళ పెట్టుడు అనే పనే వద్దు. సేఫ్టీ కవర్ ఉన్న ఫిస్టులా సూదులు దొరుకుతయ్, మీ సార్‌ను అడుగు. ట్యూబింగ్ ఊడగొట్టేటప్పుడు చిమ్ముతది కాబట్టి ఫేస్ షీల్డ్, ప్లాస్టిక్ ఏప్రాన్ వేసుకో. రెండు జతల గ్లవ్స్ సంగతి నీ ఇష్టం, కానీ ఫిస్టులా కొట్టుకునేది వేలికి తెలుస్తలేదంటే ఒక్క జత, నీ సైజుది, సరిగ్గ అతుక్కునేది వేసుకో. నీ సూది తప్పడానికి ఆ డబుల్ గ్లవ్స్ కూడా కారణం కావచ్చు. కింద రక్తం పడితే హైపో (బ్లీచింగ్) సొల్యూషన్ పోసి, ఆగి, తుడవాలె. గివన్నీ పొద్దుగాల షిఫ్ట్‌ల ఉన్న పటేల్‌కూ అంతే, రాత్రి వచ్చే ఈ పెద్దమనిషికీ అంతే.

అయినా గుచ్చుకుంటే? రక్తం పిండకు, నోట్ల పెట్టుకోకు, స్పిరిట్, హైపో అట్లాంటియి పొయ్యకు. సబ్బు, పారే నీళ్ళు, అంతే. కంట్ల పడితే మంచి నీళ్ళతోని కడుగు. పేషెంట్‌ను ఇంకో మనిషికి అప్పజెప్పి వెంటనే ఇన్‌చార్జికి చెప్పి రిజిస్టర్‌ల రాయించి ఏఆర్‌టీ సెంటర్‌కో, అది బందున్న టైమైతే ఎంజీఎం క్యాజువాలిటీకో పో. హెచ్ఐవీ ఒంట్ల నిలవకుండ ఆపే పెప్ అనే మందులు ఇస్తరు, రోజూ వేసుకోవాలె, 28 రోజులు. రెండు గంటల్లోపట మొదలువెడితే చాలా మంచిది, 72 గంటలు దాటినంక మొదలువెట్టి లాభం లేదు. రాత్రి షిఫ్ట్ కదా, రేపు పొద్దున పోత అని పండుకోకు. మీ సెంటర్‌ల మొదటి డోసు దాచిపెట్టి ఉంచమని ఇప్పుడే అడుగు, స్టాఫ్‌కు రక్షణ సామాను, పెప్ మందులు అందేటట్టు చూసే బాధ్యత సంస్థదే అని చట్టంల ఉన్నది. తర్వాత టెస్టులు చెప్పిన గడువుల ప్రకారం చేయించుకుంటవ్, అప్పటిదాక మీ ఆవిడతోని ఉన్నప్పుడు కండోమ్ వాడాలె, గింతే. ఈ కాయితం ముక్క గోడకు అంటించుకో, అప్పుడు నీకు ఏం చెయ్యాల్నో తెల్వదనే భయం పోతది. సగం వణుకు అక్కడికెల్లే వస్తది.

ఇంట్ల సంగతి. మీ ఆవిడ ఏడుపు తప్పు కాదు, కడుపుల బిడ్డ ఉన్నది, ఎవరైనా భయపడతరు. బట్టలకు అంటుకోని, చేతులకు అంటుకోని హెచ్ఐవీ ఇంటికి రాదని, కలిసి తింటే, ఎత్తుకుంటే, పక్కల పడుకుంటే రాదని నువ్వు చెప్తే నమ్మకపోవచ్చు, నువ్వే వణుకుతున్నవ్ కదా. ఆమె చెకప్‌కు పోయే దగ్గర ఐసీటీసీ (హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) కౌన్సెలర్ ఉంటది, గర్భిణులకు హెచ్ఐవీ టెస్ట్ చేసేది వాళ్ళే, ఈసారి నువ్వూ కూడ పోయి ఇద్దరూ కూసొని అడగండ్రి. అమ్మకు మాత్రం నువ్వే చెప్పాలె. ఒక్క మాట, ఆ పేషెంట్ పేరు, ఊరు ఇంట్ల చెప్పినవా? చెప్పకపోతే మంచిది, చెప్తే ఇగ అక్కడికే ఆపు. ములుగు ఎంత దూరం, ఎవరి చుట్టం ఎవరికి తెలుస్తదో.

ఇగ మీ సార్ సంగతి. నాకు కోపం వస్తున్నది, దాచుకోను. హెచ్ఐవీ ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017ల వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్ల ఉన్నది. హెచ్ఐవీ ఉన్నదని వైద్యం నిరాకరించుడు, మధ్యల ఆపుడు, వేరుపెట్టుడు, ఇవన్నీ వివక్ష కిందికే వస్తయ్. ఆయన సంగతి వైద్యం చేసేవాళ్ళు అవసరం మేరకు తెలుసుకోవచ్చు గానీ, ఫైల్ మీద ఎర్రగ రాసి బల్ల మీద పడేస్తే ఊడ్చే ఆమె నుంచి పక్క బెడ్ అటెండెంట్ దాకా అందరూ చదువుతరు. అది నేరుగ ఆయన గుట్టు బయటపెట్టుడే. రాత్రి షిఫ్ట్ చూడు, నాలుగు గంటల డయాలసిస్ అయినంక ఒంట్ల సత్తువ ఉండదు, బీపీ పడిపోతది, ఆ మనిషి ఏ బస్సెక్కి ములుగు పోవాలె? వారానికి మూడుసార్లు! తెల్లారేదాక బస్టాండ్‌ల కూసుంటున్నడేమో ఎవరన్నా అడిగిన్రా? షుగర్ కూడా ఉన్నోడు, రాత్రి ఏం తింటడు?

2022ల రాష్ట్ర ప్రభుత్వం హెచ్ఐవీ ఉన్నోళ్ళకు హైదరాబాద్‌ల, వరంగల్‌ల ప్రత్యేకంగ డయాలసిస్ సెంటర్లు పెడతమని ప్రకటించింది. ఎవరూ చేర్చుకోక దవాఖానల చుట్టూ తిరిగేటోళ్ళకు అట్లాంటిది ఆసరానే, నేను కాదన. కానీ దాన్ని చూపించి "మీ వాళ్ళ సెంటర్‌కు పొండ్రి" అని మామూలు సెంటర్లు తలుపులు మూసుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆరోగ్యశ్రీల డయాలసిస్ ఉన్నది, అది ఆయనకూ వర్తిస్తది, హెచ్ఐవీ ఉన్నదని కార్డు పని చెయ్యదని ఎక్కడా లేదు.

మీ సార్‌తోని గొడవ పెట్టుకోమంటలేను, ఉద్యోగం చేసుకునేటోనివి. "సార్, ఫైల్ మీద రాసుడు చట్టంకు విరుద్ధమట, మనకే ఇబ్బంది, లోపల షీట్‌ల రాద్దాం, ఆయనకు పగటి షిఫ్ట్ ఇద్దాం, నేనే చూసుకుంట" అను. నేనే చూసుకుంట అన్న మాట వింటే చాలా మంది సార్లు ఒప్పుకుంటరు. 20 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే వైద్య సంస్థల ఈ చట్టం కింద ఒక కంప్లయింట్స్ ఆఫీసర్ ఉండాలె, ఆ మాట కూడా మెల్లగ గుర్తుచెయ్. ఒప్పుకోకపోతే, రేపు రావద్దంటే, ఆ పెద్దమనిషికి 1097 నంబర్ ఇయ్యి, నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) వాళ్ళ హెల్ప్‌లైన్, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. పైన ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు కూడా రాయొచ్చు, మామూలుగ 30 రోజుల్ల తీర్పు చెప్పాలె, ప్రాణం మీదికొచ్చిన కేసు అయితే 24 గంటల్ల చెప్పడానికి చూడాలని చట్టంల ఉన్నది. డయాలసిస్ ఆపుడు అంటే ప్రాణం మీదికొచ్చుడే.

పక్క బెడ్ అటెండెంట్లు "ఆయనకేమున్నదట?" అని అడుగుతరు, తప్పదు. "కిడ్నీలు ఖరాబైనయ్, మీ నాయినకున్నట్టే" అను. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ వద్దు.

నువ్వు ఆయనకు చెయ్యగలిగినయి ఇంకా ఉన్నయ్, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు ఏ డాక్టర్ కన్నా ఎక్కువ ఆయన్ని చూసేది నువ్వే. ఏం మందులు వాడుతున్నడో డబ్బా తెచ్చి చూపించమను. మామూలుగ ఏఆర్‌టీల ఇచ్చే టీఎల్‌డీ గోలిల టెనోఫోవిర్, లామివుడిన్, డాల్యుటెగ్రావిర్ మూడు మందులుంటయ్, అండ్ల టెనోఫోవిర్ ఉన్నది చూడు, అది కిడ్నీల మీద పడేదే, లామివుడిన్ డోసు కూడా డయాలసిస్ మీద ఉన్నోళ్ళకు తగ్గించాల్సి ఉంటది. కాబట్టి డయాలసిస్ మొదలైందని ఏఆర్‌టీ డాక్టర్‌కు తెలుసా అన్నది మొదటి ప్రశ్న. చాలాసార్లు తెల్వదు తమ్మీ, నెఫ్రాలజిస్ట్ ఒక దిక్కు రాస్తడు, ఏఆర్‌టీల ఒక దిక్కు రాస్తరు, రెండు చీటీలు పేషెంట్ సంచిల ఉంటయ్, ఎవరూ రెండూ కలిపి చూడరు. ఆ రెండు చీటీలు ఒక్క కాయితం మీద రాసి రెండు దిక్కులా చూపించమను. అట్లని టెనోఫోవిర్ నువ్వు ఆపమని చెప్పకు! హెపటైటిస్ బి కూడా ఉన్న మనిషి అయితే అది ఒక్కసారే ఆపితే లివర్ తిరగబడుతది. డాక్టర్ దాని బదులు అబాకవిర్ అనే మందుకు మార్చిన్రంటే మొదటి ఆరు వారాలు జ్వరం, ఒంటి మీద దద్దులు వస్తున్నయా అడుగుతుండు, వస్తే అదే రోజు ఏఆర్‌టీ డాక్టర్‌కు చెప్పాలె.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. డాల్యుటెగ్రావిర్ గోలి, క్యాల్షియం గోలి, ఐరన్ గోలి పరగడుపున ఒక్కసారి మింగితే డాల్యుటెగ్రావిర్ ఒంటికి సరిగ్గ పట్టదు. డయాలసిస్ పేషెంట్లల్ల చాలా మందికి ఫాస్ఫరస్ తగ్గేటందుకు క్యాల్షియం, రక్తం కోసం ఐరన్ రాస్తరు కదా. డాల్యుటెగ్రావిర్ రెండు గంటలు ముందు గానీ, ఆరు గంటలు తర్వాత గానీ వేసుకోవాలె, లేదంటే అన్నంతోని కలిపి వేసుకోవచ్చు. డయాలసిస్ రోజు లామివుడిన్ డయాలసిస్ అయినంక వేసుకుంటే మంచిది, డాక్టర్‌ను అడిగి టైం రాసియ్యి. మందు మానకుండ వాడినోళ్ళకు సీడీ4 (రోగాన్ని ఎదిరించే కణాల లెక్క) బాగుండి వైరల్ లోడ్ అదుపుల ఉంటే కిడ్నీ మార్పిడి కూడా చేస్తున్నరు ఇప్పుడు, ఆ ఆశ ఆయనకు చెప్పు, కానీ నెఫ్రాలజిస్ట్ ఊ అన్నంకనే.

ఫిస్టులా చెయ్యికి బీపీ పట్టీ కట్టొద్దు, రక్తం తియ్యొద్దు, ఆయన పొద్దున లేవంగనే దాని మీద చెయ్యి పెట్టి జుం జుం అంటున్నదా చూసుకోవాలె. అది పోయి మెడల క్యాథెటర్ (గొట్టం) పెట్టాల్సి వస్తే ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. అందుకే నీ సూది గురించి అంత చెప్పిన, రెండోసారి తప్పితే మూడోది నువ్వు గుచ్చకు, సీనియర్‌ను పిలువు. వచ్చే సెషన్‌ల ఆయన దగ్గర కూసొని "మొన్న నొప్పి చేసిన, ఏమనుకోకు బాపూ" అని చెప్పి అప్పుడు మొదలువెట్టు. ఇద్దరికీ భారం దిగుతది.

మానెయ్యాల్నా అన్నవ్ కదా, మానకు. ఈ సెంటర్ మాని ఇంకో సెంటర్‌కు పోయినా అక్కడా రక్తమే, అక్కడా సూదే. ఈ పద్ధతులు చేతికి వచ్చినోడివి నువ్వు పోతే ఆయన్ని చూసేటోళ్ళు ఇగ ఎవరూ లేరు.

ఆఖరికి ఒక చిన్న పని. ఏఆర్‌టీ సెంటర్‌ల మందులు తీసుకునే తారీఖు, డయాలసిస్ రోజు ఒక్కటే అయితే ఆయన ఏదో ఒకటి తప్పిస్తడు, క్యాలెండర్ ముందల పెట్టుకోని ఇద్దరూ కలిసి చూడండ్రి, ఏఆర్‌టీల అడిగితే తారీఖు మారుస్తరు. పింఛన్ వస్తున్నదా అని కూడా అడుగు, 2022 నుంచి డయాలసిస్ మీద ఉన్నోళ్ళకు కూడా ఆసరా పింఛన్ ఇస్తున్నరు. ఊర్లె హెచ్ఐవీ సంగతి తెలుస్తదని భయపడి అప్లికేషన్ పెట్టనోళ్ళు మస్తుమంది ఉంటరు, ఈయన డయాలసిస్ సర్టిఫికెట్ మీదనే పెట్టుకోవచ్చు. ఆ సర్టిఫికెట్ మీ సెంటర్ నుంచే రావాలె, నువ్వే టైప్ చేయించి సార్ సంతకం పెట్టించి ఇయ్యి, అండ్ల కిడ్నీ మాట తప్ప ఇంకో జబ్బు పేరు లేకుండ చూడు.